కల్లం నిండితే పని ఆగుతది: లైనక్స్‌ల టెంపరరీ ఫైళ్లను వేరే డ్రైవ్‌కు జరుపుడెట్ల?

పోయిన ఎండాకాలం మా ఊర్ల ఒక అవ్వ ముచ్చట్లు రికార్డు చేస్తానికి కూసున్నం. 1948ల పోలీస్ యాక్షన్ నాటికి ఆమెకు పదేండ్లు. వాళ్లమ్మ దొర గడిల వెట్టి చేసింది. వడ్లు దంచుకుంట వాళ్లమ్మ పాడిన పాటలు అవ్వకు ఇంకా నోటికే ఉన్నయ్. పాత లాప్‌టాప్, అగ్గువ మైకు, ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్.. గిదే మా స్టూడియో.

రెండున్నర గంటలు దాటినంక ఎప్పుడో రికార్డింగ్ ఆగిపోయింది. డిస్కుల జాగ లేదని తెర మీద వచ్చింది. ఎవ్వలం చూడలే. అందరి కండ్లు అవ్వ మీదనే ఉండె. ఆమె ఇంకో నలభై నిమిషాలు చెప్పింది. రెండు దంపుడు పాటలు ఆ నలభై నిమిషాలల్లనే పాడింది. నెల తర్వాత పోయి మళ్ల అడిగినం. "గప్పుడు చెప్తిని గద బిడ్డా, ఇప్పుడు యాదికొస్తలేదు" అన్నది. ఒక పాట సగం వచ్చింది. ఇంకోటి రాలే.

ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందటేసుకుని చూస్తే బాధ ఇంకింత ఎక్కువైంది. అందుల రెండు డ్రైవ్‌లున్నయ్. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ కుతికెల దాంక నిండింది. డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ జాగల కేడీ పెట్టి బిగించిన 500 జీబీ పాత హార్డ్ డిస్క్ మాత్రం దాదాపు ఖాళీగనే ఉన్నది. ముందటి అర్రల కాలు పెట్ట సందు లేదు, వెనుక అర్ర బోసిగున్నది. తప్పు లాప్‌టాప్‌ది కాదు, నాదే. టెంపరరీ ఫైళ్లు ఏడ పడ్తయో నేను ఎన్నడు చూసుకోలే.

ఈ గతి మా ఒక్కలదే కాదు. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత మిషిన్లు మన ఊర్లల్ల మస్తున్నయ్. వాటిల్ల లైనక్స్ మింటో, ఉబుంటునో, డెబియనో ఏసుకుంటే ఇంకా ఏండ్లకేండ్లు నడుస్తయ్. చానమంది చేసేది కూడ మేం చేసిందే. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని అందుల సిస్టమ్ ఎక్కిస్తరు. పాత హార్డ్ డిస్క్‌ను పక్కన పెట్టుకుంటరు. కొన్నాళ్లకు ఎస్‌ఎస్‌డీ నిండుతది. షాపాయన దగ్గరికి పోతే "మిషిన్ పాతదైంది, కొత్తది తీస్కో" అంటడు. కొత్తది కొనే ముందు ఒక్కసారి ఈ ముచ్చట చదువున్రి.

టెంప్ అంటే ఊరుమ్మడి కల్లం

కల్లంల వడ్లు ఎవ్వలు దాచుకోరు. కోసుకొస్తరు, కుప్ప పోస్తరు, తూర్పార పడ్తరు, ఇంటికో మార్కెట్‌కో తీస్కపోతరు. కంప్యూటర్ల టెంపరరీ ఫోల్డర్ పని కూడ గంతే. జిప్ ఫైల్ ఇప్పేటప్పుడు, పీడీఎఫ్‌లు కలిపేటప్పుడు, వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రోగ్రాంలు సగం పని ఏడనో ఒక కాడ పెట్టుకోవాలె గద. ఆ జాగనే లైనక్స్‌ల "స్లాష్ టీఎంపీ" అంటరు.

ఇంకో కల్లం కూడ ఉన్నది. దాని పేరు "స్లాష్ వీఏఆర్ స్లాష్ టీఎంపీ". రెంటికి తేడా ఏందంటే, మొదటి దాంట్ల పెట్టింది రీస్టార్ట్ అయినంక ఉంటదని నమ్ముకోవద్దు. ఉబుంటు, మింట్ లాంటివి బూట్ అయ్యేటప్పుడే దాన్ని ఊడ్చి పెడ్తయ్. రెండో దాంట్ల పెట్టింది రీస్టార్ట్ అయినా ఉండాలె. మా లాప్‌టాప్‌ల ఆడాసిటీ, సేవ్ చేయని రికార్డింగ్‌ను ఈ రెండో దాంట్లనే పెడుతున్నది.

కల్లానికి ఒక కట్టుబాటు ఉంటది. ఎవ్వలైనా కుప్ప పోసుకోవచ్చు, పక్కోని కుప్ప మీద మాత్రం చెయ్యి ఎయ్యొద్దు. లైనక్స్‌ల ఈ కట్టుబాటుకు ఒక నంబర్ ఉన్నది: 1777. ఎనుకున్న మూడు ఏడ్లు "అందరు రావొచ్చు, చూడొచ్చు, రాయొచ్చు" అని చెప్తయ్. ముందున్న ఒకటిని స్టికీ బిట్ అంటరు. "ఎవ్వని ఫైల్ వాడే తీసెయ్యాలె" అనేది దాని అర్థం. ఫోల్డర్ ఓనర్‌కు, రూట్ యూజర్‌కు మాత్రం ఈ అడ్డు లేదు. జాగ జరిపేటప్పుడు చానమంది ఈ నంబర్ మర్చిపోతరు. గప్పుడు సగం ప్రోగ్రాంలు తెరుచుకోవు, అందరు కలిసి లైనక్స్‌ను తిడ్తరు.

లెక్క చూస్తే అర్థమైతది

మామూలు సెట్టింగ్‌ల ఆడాసిటీ సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తది. ఒక్కో కొలతకు 4 బైట్లు. స్టీరియో అయితే రెండు చానళ్లు. మూడు కలిపి గుణిస్తే సెకనుకు 3,52,800 బైట్లు, గంటకు 127 కోట్ల బైట్లు. అంటే సుమారు 1.27 జీబీ. రెండున్నర గంటలకు మూడు జీబీ దాటుతది. ఆ దినం మా ఎస్‌ఎస్‌డీల మిగిలింది మూడు జీబీ చిల్లరనే. మైకు ఒక్కటే ఉన్నది కాబట్టి మోనోల పెట్టి ఉంటే సగమే పట్టేది, అవ్వ పాటలు రెండూ దక్కేవి. ఈ గుణకారం అయిదో తరగతి పిల్లగాడు చేస్తడు. మేం చెయ్యలే.

ముందు చూడాలె, తర్వాత జరపాలె

కమాండ్లను నేను తెలుగుల రాస్తున్న. మీరు టెర్మినల్ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాల్ల కొట్టున్రి.

మొదటిది "డీఎఫ్", సందు, "హైఫన్ హెచ్". ఏ డ్రైవ్ ఎంత నిండిందో, ఎంత మిగిలిందో మొత్తం చూపిస్తది. దాని ఎనుక సందిచ్చి "స్లాష్ టీఎంపీ" అని చేరిస్తే, ఆ ఫోల్డర్ ఏ డ్రైవ్ మీద ఉన్నదో చెప్తది. అక్కడ "టీఎంపీఎఫ్‌ఎస్" అని కనిపిస్తే మీ కల్లం డిస్క్ మీద లేదు, ర్యామ్‌ల ఉన్నది. ఫెడోరా 18వ వెర్షన్ నుంచి ఇట్లనే పెట్టింది. 2025ల వచ్చిన డెబియన్ 13 కూడ ఇదే దారి పట్టింది. అందుల టీఎంపీ ఎక్కువల ఎక్కువ ర్యామ్‌ల సగం దాంక పెరుగుతది. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషిన్ల అది 2 జీబీ కూడ కాదు. పెద్ద వీడియో పని పెట్టుకుంటే దబ్బున నిండుతది. అసొంటి మిషిన్ల దీన్ని డిస్క్‌కు జరుపుకునుడే నయం.

రెండోది "సూడో డీయూ", సందు, "హైఫన్ ఎస్‌హెచ్", ఆ తర్వాత ఆ రెండు ఫోల్డర్ల పేర్లు. ఒక్కోటి ఎంత జాగ తింటున్నదో చెప్తది. ఇది చూడకుంట జరుపుడు షురూ చెయ్యకున్రి. చానసార్లు దొంగ టెంప్ కాదు, డౌన్‌లోడ్స్‌ల పడి ఉన్న సినిమాలు, ఖాళీ చెయ్యని ట్రాష్. అవి తీసేస్తే తీరే బాధకు సిస్టమ్ ఫైళ్లను కదిలియ్యొద్దు.

చిన్న దారి: ఒక్క ప్రోగ్రాంను జరుపుడు

ఒకటే ప్రోగ్రాం జాగ తింటుంటే, దాని ఒక్కదానికే వేరే కల్లం చూపెట్టొచ్చు. ఆడాసిటీల ప్రిఫరెన్సెస్ తెరిచి డైరెక్టరీస్‌లకు పోతే టెంపరరీ ఫైళ్ల జాగ మార్చుకునే వీలున్నది. మార్చినంక ప్రోగ్రాం మూసి మళ్ల తెరవాలె. ఇంకింత అల్కటి పని ఏందంటే, రికార్డు బటన్ నొక్కక ముందే ఖాళీ ప్రాజెక్టును పెద్ద డిస్క్‌ల సేవ్ చేసుకునుడు. మూడో వెర్షన్ నుంచి రికార్డింగ్ సక్కగ ఆ ప్రాజెక్ట్ ఫైల్‌లకే పోతది.

టెర్మినల్ల నడిచే ప్రోగ్రాంలకు "టీఎంపీడీఐఆర్" అనే పేరు ఉన్నది. దీన్ని పెద్ద అక్షరాల్ల కొట్టాలె. దాని ఎనుక ఈక్వల్ గుర్తు, కొత్త ఫోల్డర్ దారి, ఒక సందు, ఆ తర్వాత మీ కమాండ్. ఆ ఒక్కసారికి ఆ ప్రోగ్రాం మీరు చెప్పిన జాగలనే కుప్ప పోస్తది. అన్ని ప్రోగ్రాంలు ఈ మాట ఇనయ్ గని చాన ఇంటయ్.

పదిమందిల ఎనిమిది మందికి ఈ చిన్న దారే సరిపోతది. కింద చెప్పేది మిగిలిన ఇద్దరి కోసం.

పెద్ద దారి: కల్లాన్నే జరుపుడు

విండోస్‌ల సి డ్రైవ్, డి డ్రైవ్ అని వేరు వేరు ఇండ్లుంటయ్. లైనక్స్‌ల ఇల్లు ఒక్కటే. కొత్త డిస్క్ వస్తే ఆ ఇంట్ల ఒక అర్రకు దాన్ని తగిలిస్తరు. దీన్నే మౌంట్ అంటరు. ప్రోగ్రాంలు ఎప్పటిలెక్కనే "స్లాష్ టీఎంపీ" అని పాత పేరే పిలుస్తయ్. కింద భూమి మాత్రం వేరే డిస్క్‌ది ఉంటది.

ఇది కొత్త ఉపాయం కాదు. 1970ల మొదట్ల బెల్ ల్యాబ్స్‌ల కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ తయారు చేస్తున్నప్పుడు వాళ్లకు ఇదే బాధ వచ్చింది. పీడీపీ–11 మిషిన్ల మొదటి డిస్క్ నిండిపోతే, సిస్టమ్ ఫైళ్లల్ల కొన్నిటిని యూజర్ల ఫైళ్లున్న రెండో డిస్క్‌కు జరిపిన్రు. ఆ డిస్క్‌ను తగిలించిన జాగనే "స్లాష్ యూఎస్‌ఆర్". ఇయ్యాల మీ లైనక్స్ తెరిచి చూసినా ఆ ఫోల్డర్ గట్లనే ఉంటది. అప్పటి ఒక్కో డిస్క్ మొత్తం ఇయ్యాలటి మన ఫోన్ల దిగే ఒక ఫోటో అంత. అంత చిన్న డిస్కులతోని వాళ్లు నెట్టుకొచ్చిన్రు. 500 జీబీ పక్కన పెట్టుకుని మనం జాగ లేదంటున్నం.

ఇగ పనిలకు పోదాం. చేసే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే కాడ కాపీ పెట్టుకోవాలె. లైనక్స్ ఎక్కించినప్పటి పెన్‌డ్రైవ్ చేతిల ఉండాలె.

ఒకటి. పాత హార్డ్ డిస్క్ విండోస్‌ల వాడింది అయితే దాని ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంటది. మనం చెప్పుకున్న 1777 కట్టుబాటు దాని మీద సక్కగ నిలవదు. "డిస్క్స్" అనే యాప్‌ల ఆ డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4కు ఫార్మాట్ చెయ్యాలె. ఫార్మాట్ చేస్తే అందుల ఉన్నదంత పోతది. జర పైలం. ఏ డ్రైవ్‌ను పట్టుకున్నమో సైజు చూసి రెండుసార్లు ఖాయం చేసుకోవాలె. అదే యాప్‌ల స్మార్ట్ రిపోర్ట్ చూస్తే డిస్క్ ఆరోగ్యం తెలుస్తది. సావబోయే డిస్క్ మీద కల్లం పెట్టొద్దు.

రెండు. ఆ యాప్‌లనే ఎడిట్ మౌంట్ ఆప్షన్స్ తెరిచి, ఆ డ్రైవ్ బూట్ అయిన ప్రతిసారి "స్లాష్ డేటా" కాడ తగులుకునేటట్టు పెట్టున్రి. రీస్టార్ట్ చేసి, డీఎఫ్ కొట్టి, నిజంగ తగులుకున్నదా లేదా చూడున్రి.

మూడు. "సూడో ఎంకేడీఐఆర్" తోని రెండు ఫోల్డర్లు చెయ్యాలె: స్లాష్ డేటా స్లాష్ టీఎంపీ ఒకటి, స్లాష్ డేటా స్లాష్ వీఏఆర్‌టీఎంపీ ఇంకోటి. రెండు ఎందుకంటే, మొదటి కల్లాన్ని బూట్‌కాడ ఊడుస్తరని ముందే చెప్పుకున్నం. రెండూ ఒకటే ఫోల్డర్‌ల పెడితే, దాచి పెట్టాల్సిన రికార్డింగ్ కూడ ఆ చీపురు కిందనే పోతది. తర్వాత "సూడో సీహెచ్‌ఎంఓడీ", సందు, 1777, సందు, ఫోల్డర్ పేరు. రెండిటికీ ఇట్లనే చెయ్యాలె.

నాలుగు. స్లాష్ ఈటీసీ స్లాష్ ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్ ఉన్నది. ఏ డిస్క్ ఏడ తగులుకోవాల్నో సిస్టమ్ బూట్ అయినప్పుడల్ల ఇందులనే చూసుకుంటది. ముందు దాన్ని వేరే పేరు మీద కాపీ చేసుకోవాలె. తర్వాత "సూడో నానో" తోని తెరిచి అడుగున ఒక లైన్ చేర్చాలె. అందుల ఆరు ముక్కలుంటయ్, ముక్కకూ ముక్కకూ నడుమ సందు. వరుసగ: స్లాష్ డేటా స్లాష్ టీఎంపీ, స్లాష్ టీఎంపీ, నన్, బైండ్, సున్న, సున్న. నన్ అంటే ఎన్–ఓ–ఎన్–ఈ, బైండ్ అంటే బీ–ఐ–ఎన్–డీ. సున్నలు అంకెల్ల. మొదటి ముక్క అసలు భూమి, రెండోది పాత పేరు. వీఏఆర్ టీఎంపీకి కూడ దాని ఫోల్డర్ పేర్లతోని ఇట్లనే ఇంకో లైన్ రాయాలె.

అయిదు. "సూడో ఫైండ్‌ఎంఎన్‌టీ", సందు, "హైఫన్ హైఫన్ వెరిఫై" కొడితే రాసిన లైన్లల్ల తప్పులుంటే చెప్తది. ఎర్రర్ ఒక్కటున్నా రీస్టార్ట్ చెయ్యకున్రి, ముందు దిద్దుకోవాలె. ఎర్రర్ లేకపోతే తెరిచిన పనులన్ని సేవ్ చేసి రీస్టార్ట్ చెయ్యున్రి. నడుస్తున్న సిస్టమ్ మీదనే మౌంట్ చేస్తే ఏమైతదని అడుగుతరేమో. తెర మీద కిటికీలు తెరిచే ప్రోగ్రాంలు కూడ టీఎంపీల తమ గుర్తులు పెట్టుకుంటయ్. మీద కొత్త భూమి పరిస్తే అవి కింద పడిపోతయ్, కొత్త ప్రోగ్రాంలకు దొరకవు. అందుకే రీస్టార్టే మంచిది.

లేచినంక మళ్ల డీఎఫ్ స్లాష్ టీఎంపీ. ఇప్పుడు పెద్ద డిస్క్ పేరు కనిపించాలె. కనిపిస్తే కల్లం జరిగినట్టే.

ఈ తప్పులు చెయ్యకున్రి

కల్లం జరిగినా ఎస్‌ఎస్‌డీల జాగ పెరగలేదని కొందరు పరేషాన్ అయితరు. పాత కుప్ప ఏడికి పోలే, కొత్త భూమి కింద పడి ఉన్నది. పెన్‌డ్రైవ్ లైనక్స్‌తోని బూట్ చేసి, ఎస్‌ఎస్‌డీని తెరిచి, అక్కడి టీఎంపీల ఉన్నది తీసెయ్యాలె. వీఏఆర్ టీఎంపీల మాత్రం ఏమన్న సేవ్ చెయ్యని పని ఉన్నదేమో చూసుకుని, దాన్ని కాపీ చేసుకున్నంకనే తీసెయ్యాలె. ఫోల్డర్లను తీసెయ్యొద్దు, లోపలి సరుకునే తీసెయ్యాలె.

ఇంత కష్టమెందుకు, ఒక షార్ట్‌కట్ లింకు పెడితే అయిపాయె గద అని కొందరంటరు. ఉబుంటు, మింట్‌లల్ల యాప్‌ఆర్మర్ అనే కావలి ఉంటది. ప్రోగ్రాం లింకు పట్టుకుని పోయి చేరిన అసలు దారిని అది చూస్తది. ఆ దారికి పర్మిషన్ లేకపోతే ఆపేస్తది. బైండ్ మౌంట్‌ల దారి పేరు మారదు కాబట్టి ఆ లొల్లి ఉండదు.

ఊడబీకే యూఎస్‌బీ డిస్క్ మీద కల్లం పెట్టొద్దు. ఎవ్వలో వైరు గుంజితే సిస్టమ్ మొత్తం కూలబడుతది. లోపల బిగించిన డిస్క్ అయినా, అది చెడిపోయిన దినం బూట్ నడుమల ఆగుతది. బెదరకున్రి. పెన్‌డ్రైవ్‌తోని బూట్ చేసి, ఎఫ్‌స్టాబ్‌ల మనం రాసిన లైన్ల ముందు హ్యాష్ గుర్తు పెడితే సిస్టమ్ ఆ లైన్లను చదవకుంట పాత కల్లంతోనే లేస్తది.

ఇంకో మాట కూడ దాచొద్దు. పాత హార్డ్ డిస్క్ ఎస్‌ఎస్‌డీ అంత ఉరుకదు. టెంప్ జరిపినంక కొన్ని పనులు జర నిదానమైతయ్. జాగ కావాల్నా, వేగం కావాల్నా అనేది మీ పనిని బట్టి మీరే తేల్చుకోవాలె. అవ్వ ముచ్చట రికార్డు చేస్తానికి వేగంతోని పనిలేదు. ఆగకుంట నడిస్తే చాలు.

నేను ఏ కాలేజీల కంప్యూటర్లు చదవలే. పాడు చేసుకుంట, బాగు చేసుకుంట నేర్చుకున్న. లైనక్స్‌ల నాకు నచ్చింది కూడ గదే. ఏ ఫైల్ ఏడ ఉన్నదో చూడొద్దని ఎవ్వలు తాళం ఎయ్యలే. తాళం లేని ఇంట్ల ఉండుకుంట కూడ వెనుక అర్ర తెరిచి చూడకపోతే అది మన తప్పు. ఆ తప్పుకు మేం రెండు పాటలు కట్టినం.

మీ ఊర్ల కూడ అసొంటి అవ్వలు, తాతలు ఉండే ఉంటరు. ఆ కాలం చూసినోళ్లు ఏటికేడు తక్కువైతున్నరు. వాళ్ల ముందట మైకు పెట్టేటప్పుడు మూడు పనులు చెయ్యున్రి. ఖాళీ ప్రాజెక్టును పెద్ద డిస్క్‌ల సేవ్ చెయ్యున్రి. మైకు ఒక్కటే ఉంటే మోనోల పెట్టున్రి. డీఎఫ్ కొట్టి, మిగిలిన జాగను గంటల లెక్కల కొలుచుకోండ్రి. మొత్తం కలిపి రెండు నిమిషాల పని. అవ్వ మాట్లాడుతున్నంత సేపు మీల ఒక్కలు తెర మీద కూడ కన్నేసి ఉంచున్రి.